జారే కీబోర్డు ఫోనూ, మన చ ట డ యలూ



పోయిన నెల మీటింగులో నాకొక పని ఒప్పజెప్పిరి. ముసలోళ్ళ పాటలూ మాటలూ రాసి పెట్టేదానికని చందా ఎత్తిన దుడ్డు ఉండాది కదా. దాంతో బటన్లుండే స్మార్టుఫోను ఒకటి కొందామని మన పిల్లోళ్ళు అడిగిరి. ‘పెదనాయన రైల్వేలో టైపు కొట్టినోడు, మూడు వారాలు చేతిలో పెట్టుకొని చూసి చెప్పనీ’ అని నా తమ్ముని కొడుకే నన్ను ఇరికించినాడు. ఆ మూడు వారాలూ ముగిసినాయి. నా అభిప్రాయం రాస్తా ఉండా, కొంచెం పొడుగవుతుంది. నేను చదివిందంతా తమిళ మీడియం అని మీకు తెలుసు. భకు బ రాసింటే, ధకు ద రాసింటే కింద కామెంటులో దిద్దండి, నాకేం కోపం లేదు.

చూడనోళ్ళ కోసం ముందు ఫోను ఎట్లుంటుందో చెప్తాను. పైకి మామూలు టచ్ ఫోనే, రవంత లావు. అడ్డంగా పట్టుకొని అద్దాన్ని బొటనవేళ్ళతో పైకి తోస్తే కింద నుండి అగ్గిపెట్టె అర మాదిరి కీబోర్డు బయటికి వస్తుంది. తోసేటప్పుడు ‘టక్’ అని ఒక సద్దు. ఆ సద్దు వినేదానికే మా మనవడు దినానికి నూరుసార్లు తోసినాడు. బటన్లు నాలుగు వరసలు. పై వరసలో అంకెలు, కింద మూడు వరసల్లో ఇంగ్లీషు అక్షరాలు. ఇది కొత్తది కాదు, బెంగుళూరులో ఎవరో వాడి అమ్మేస్తా ఉండేది. అడిగే వెల 18,000 రూపాయలు. కంపెనీ పేరు ఈడ రాయను. కంపెనీని పొగడేదానికో తిట్టేదానికో ఇది రాయడం లేదు, ఈ రకం ఫోను మన పనికి వస్తుందా అనేదే మాట.

ఈ రకం ఇప్పుడు అంగళ్ళలో అగపడదు గాని ఒకప్పుడు దీనిదే దర్జా. 2008లో ఆండ్రాయిడ్‌తో వచ్చిన మొట్టమొదటి ఫోను, హెచ్‌టీసీ డ్రీమ్, ఇట్లా కీబోర్డు జారేదే. 2009లో నోకియా ఎన్97 వచ్చె, మోటరోలా డ్రాయిడ్ వచ్చె. తరువాత అందరూ అద్దానికి మారిపోయినారు. బ్లాక్‌బెర్రీ వాళ్ళు 2015లో ప్రివ్ అని ఒకటి చేసి, 2016 జనవరిలో మన దేశంలో 62,990 రూపాయలకు అమ్మకానికి పెట్టిరి. ఆ వెలకు అప్పట్లో మా ఆఫీసులో స్కూటరు కొనుక్కోవచ్చని నవ్వుకొంటిమి. లండన్లో ఎఫ్‌ఎక్స్‌టెక్ అనే చిన్న కంపెనీ 2019లో మళ్ళీ ఒకటి తెచ్చింది. ఇంగ్లీషులో దీన్ని గురించి ఏడ్చేవాళ్ళు ఈనాటికీ శానామంది ఉండారు. ‘మా బటన్లు మాకిచ్చెయ్యండి’ అని.

నాకూ ఆ ఏడుపు అర్థమవుతుంది. 1978లో హోసూరులో టైపు నేర్చుకొంటిని. పొద్దున ఆరు గంటలకు పోతే ముందు నెలంతా ఒకే పాఠం. ఎడమ చేత్తో ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, కుడి చేత్తో సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. మిషను చూడకూడదు. చూస్తే సారు స్కేలుతో వేళ్ళ మీద ఒకటి పెట్టేవాడు. లోయరు, హయ్యరు రెండూ పాసై, ఆ కాగితంతోనే 1982లో రైల్వేలో గుమాస్తా అయితిని. గూడ్సాఫీసులో ముప్పై ఏడేండ్లు రసీదులు, జాబులు, లెక్కల పట్టీలు. టైపు మిషను పోయె, కంప్యూటరు వచ్చె, వేళ్ళకు మాత్రం ఏమీ మారలేదు. కళ్ళు కాగితం మీదనో, ఎదురుగా నిలబడిండే వ్యాపారి ముఖం మీదనో ఉంటాయి, వేళ్ళు వాటి పని అవి చేస్తాయి. బటన్ల గొప్పంతా ఇదే. అద్దానికి ఎత్తుపల్లం లేదు, వేలికి దారి తెలీదు. ప్రతి అక్షరానికీ కళ్ళు దించాల్సిందే. అరవై దాటినోళ్ళకు వేలు కూడా ఎండిపోయి ఉంటుంది, మూడుసార్లు ఒత్తితే ఒకసారి తీసుకొంటుంది, పక్క అక్షరం పడుతుంది.

అట్లని అద్దాన్ని తీసిపారేసేదానికి లేదు. 2007లో ఐఫోన్ చూపించేటప్పుడు స్టీవ్ జాబ్స్ చెప్పిన మాట ఒకటుండాది. ప్లాస్టిక్ బటన్లు కావాల్సినా వద్దనుకొన్నా ఆడే ఉంటాయి, మార్చేదానికి కాదు అని. ఆయన చెప్పింది వేరే అర్థంలో గాని మనకు అది ఇంకా బాగా తగులుతుంది. బటన్ల ఫోన్లు రాజ్యమేలిన కాలంలో మనలో ఎవరైనా తెలుగులో మెసేజ్ పంపితిరా? నేను పంపలేదు. బటను మీద అచ్చు కొట్టింది ఇంగ్లీషు, ఇంగ్లీషే పోయింది. అద్దం వచ్చినాకే తెలుగు అక్షరాలు వేలికింద అగపడినాయి. ఒకసారి తట్టితే తెలుగు, ఇంకోసారి తట్టితే తమిళం, ఇంకోసారి తట్టితే కన్నడం. 2016లో సర్కారు కూడా ఒక రూలు తెచ్చింది. దేశంలో అమ్మే ఫోన్లలో ఇంగ్లీషు, హిందీ కాకుండా ఇంకొక భారతీయ భాషలో రాసే వీలుండాల, 22 భాషల్లోనూ చదివే వీలుండాల అని. ఇంత మేలు అద్దంతోనే జరిగింది. బటన్లకు ఏడ్చే ఇంగ్లీషోళ్ళతో చేరి మనమూ ఏడిస్తే అది మన ఏడుపు కాదు.

అయితే బటన్లతోనే తెలుగు రాసే దారి ఒకటి ఫోన్లకంటే ముందే ఉండాది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర సర్కారు ఎలక్ట్రానిక్స్ శాఖ చేసింది, 1991లో ఐఎస్ 13194 అనే ప్రమాణంలో చేరింది. దీన్ని నేను 2020 లాక్‌డౌన్లో మన సంఘం పాత ల్యాప్‌టాపు ఇంటికి తెచ్చుకొని నేర్చుకొంటిని. నేర్చుకొనేటప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు పోదు.

తమిళంలో క ఒక్కటే. ‘క’ అన్నా ‘గ’ అన్నా అదే అక్షరం, ‘ఖ’కూ ‘ఘ’కూ అదే. చోటునుబట్టి నోరే తెలుసుకొంటుంది. ప ఒక్కటే, త ఒక్కటే, ట ఒక్కటే, చ ఒక్కటే. ఇంట్లో నేను గంప అనీ, కంప అనీ వేరువేరుగానే పలుకుతాను. బడిలో నేర్చిన చెయ్యి మాత్రం రెండింటికీ ఒకే అక్షరం వెతుక్కొంటుంది. తెలుగు అక్షరాలు నేను నేర్చింది నలభై ఏడో ఏట, జోలార్‌పేట నుండి బంగారుపేట పోయే దారిలో కుప్పం స్టేషన్ బోర్డు చూసి. పక్కన ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి పోల్చుకొంటిని. కు, దాని పక్కన ప కింద ఇంకొక ప, తరువాత సున్నా. నేను చదివిన మొదటి తెలుగు మాట అదే. అట్లా బోర్డుల్లో అక్షరాలు పట్టుకొంటిని గాని, గకూ ఘకూ తేడా చెయ్యికి ఎక్కలేదు. పుస్తకం చూసి రాస్తే సరిగ్గా రాస్తాను, సొంతంగా రాస్తే తప్పు పడుతుంది.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఏం చేసినారంటే, ఇంగ్లీషు కె ఉండే బటన్ మీద క పెట్టినారు. షిఫ్ట్ పట్టి అదే కొడితే ఖ. దానికి సరిగ్గా పై వరసలో ఐ ఉండే చోట గ, షిఫ్ట్‌తో ఘ. హెచ్ మీద ప, ఫ. దాని మీద వై చోట బ, భ. ఎల్ మీద త, థ. దాని మీద ఓ చోట ద, ధ. సెమికోలన్ మీద చ, ఛ. దాని మీద పి చోట జ, ఝ. కొటేషన్ గుర్తు మీద ట, ఠ. దాని మీద చదరపు బ్రాకెట్ చోట డ, ఢ. అంటే ఒక్కొక్క వర్గానికీ ఒక్కొక్క నిట్ర, కిందా మీదా రెండు బటన్లు, నాలుగు అక్షరాలు. నాకు బడిలో నేర్పిన క ఈడ ఒక గుంజ మాదిరి నిలబడింది. ఆ గుంజకు పైన గట్టిగా పలికేది, షిఫ్ట్‌తో ఊపిరి వదిలి పలికేది. తమిళంలో అయిదు గుంజలు, తెలుగులో ఒక్కొక్క గుంజకు నాలుగు కొమ్మలు. వారంలో నాకు గ ఘ తేడా వేలికి పట్టుబడింది. ఇన్నేండ్లలో పుస్తకం పట్టించలేనిది బటన్లు పట్టించినాయి.

ఇంకొక చమత్కారం. గుణింతాలు దాదాపుగా ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కి రాయాలంటే కుడి చేత్తో క, ఎడమ చేత్తో గుడి. ఒక చెయ్యి తరువాత ఒక చెయ్యి, రోటి దగ్గర ఇద్దరాడోళ్ళు రోకలి వేసే మాదిరి. 1999లో చెన్నైలో మహానాడు పెట్టి తమిళనాడు సర్కారు ఒప్పుకొన్న తమిళ్99 కీబోర్డులోనూ ఇదే ఏర్పాటు, అచ్చులు ఎడమకు, హల్లులు కుడికి.

అందుకే ఈ జారే ఫోను చేతికి వచ్చినప్పుడు నేను శానా ఆశపడితిని. రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకొంటే రెండు బొటనవేళ్ళు ఖాళీగా ఉంటాయి. ఎడమ బొటనవేలికి గుణింతం, కుడి బొటనవేలికి హల్లు. ఇన్‌స్క్రిప్ట్ చేసినోళ్ళు ఈ ఫోనును కలగన్నారేమో అనిపించె. మా తమ్ముని కొడుకు ఒక చిన్న యాప్ వేసి బటన్లకు ఇన్‌స్క్రిప్ట్ కట్టినాడు. బటన్ల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి కాబట్టి తెల్ల కాగితం తునకల మీద తెలుగు అక్షరాలు రాసి సెల్లోటేపుతో అంటిస్తిని. రెండు దినాలకే అవి ఊడి, మా మనవని కాళ్ళకు అంటుకొని ఇల్లంతా తిరిగినాయి. పోనీ, నాకు వాటి అవసరం లేదు.

మొదట ‘అమ్మ’ కొడితిని, వచ్చె. ‘అవ్వ’, వచ్చె. గంప, వాన, వెన్న, రాగులు, గుమ్మి, అన్నీ వచ్చినాయి. ‘సూళగిరి’ వచ్చె. ‘హోసూరు’ వచ్చె. ‘తెలుగు’ వచ్చె. సంతోషంగా ‘చెట్టు’ కొట్టబోతిని. చ ఉండాల్సిన చోట బటనే లేదు.

మీరు మీ ఇంట్లోని కంప్యూటరు కీబోర్డు ఒకసారి చూడండి. ఎల్ తరువాత కుడి పక్క సెమికోలన్, దాని పక్క కొటేషన్. పి తరువాత రెండు బ్రాకెట్లు. కింద వరస చివర గీటు. ఇంగ్లీషోడికి ఇవి అప్పుడప్పుడు అక్కరపడే గుర్తులు, అక్షరాలు కావు. ఫోను చిన్నదిగా చేయాలంటే ముందు వీటినే తీసేస్తారు. ఈ ఫోనులో పి పక్కన చెరిపే బటను, ఎల్ పక్కన ఎంటర్. తీసేసిన గుర్తులన్నీ ఇంకొక బటను పట్టి వెతుక్కోవాల. వాళ్ళకది ఏమీ నష్టం లేదు. మనకు? సెమికోలన్ పోతే చ పోయింది. కొటేషన్ పోతే ట పోయింది. బ్రాకెట్ పోతే డ పోయింది. గీటు పోతే య పోయింది. ఎడమ పక్క పైమూల, ఒకటి అంకెకు ముందుండే బటన్ పోతే ఒ పోయింది, దాని గుణింతం ొ కూడా పోయింది. సమానం గుర్తు పోతే ఋత్వం పోయింది. కాబట్టి ఈ ఫోనులో సూళగిరి ఉండాది, కృష్ణగిరి లేదు.

చేటలో చ లేదు, ట లేదు. పొయ్యిలో పొ లేదు, య్యి లేదు. కొడవలిలో మొదటి రెండక్షరాలూ లేవు. మడకలో నడుమ అక్షరం లేదు. రాగిసంగటి రాస్తే రాగి వస్తుంది, సంగ వస్తుంది, టి దగ్గర నోరు తెరుచుకొని కూర్చోవాల. చట్టి లేదు, బడి లేదు, చేను లేదు, కొండ లేదు. మన ఇంటి సామాన్లలో, మన చేని పనిముట్లలో సగం ఆ కుడి అంచునే ఉండాయని నాకు అంతవరకూ తెలీదు. తమిళానికీ ఇదే గతి. తమిళ్99లో, తమిళ్ అనే పేరు చివర నాలుక మడిచి పలికే ఆ అక్షరం గీటు బటన్ మీదనే ఉండాది. అంటే ఆ కీబోర్డు కడితే ఈ ఫోనులో ‘తమిళ్’ అనే మాట కూడా నేరుగా రాయలేము. మా అల్లునికి చూపిస్తే ఆయన కూడా నవ్వి, తరువాత నవ్వు ఆపేసినాడు.

నలభై ఏండ్లు నా కుడి చిటికెనవేలు సెమికోలన్ మీద ఊరికే కూర్చొనుండె. జాబుల్లో సెమికోలన్ యాడ పెట్టాలో మా ఆఫీసులో పెద్దగుమాస్తాకే సరిగ్గా తెలీదు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చినాక ఆ చిటికెనవేలికి చ దక్కింది. ఈ ఫోను ఆ వేలిని మళ్ళీ ఊరికే కూర్చోబెట్టింది.

‘ఆ ఆరేడు అక్షరాలకు గుర్తుల బటన్ పట్టి కొట్టుకో పెదనాయనా, ఏమైంది?’ అని తమ్ముని కొడుకు అడిగినాడు. సరే అని దాన్నే అలవాటు చేసుకొంటిని. పది దినాలకు కొంచెం వేగం వచ్చె. అప్పుడు అసలు పనికి పోయి చూస్తామని మా చిన్నమ్మ దగ్గరికి పోతిని.

మా చిన్నమ్మకు ఎనభై అయిదేండ్లు. రాగులు విసిరేటప్పటి పాటలు, నాట్ల పాటలు, పెండ్లిలో నలుగు పెట్టేటప్పటి పాటలు, ఎన్ని తెలుసో ఆమెకే లెక్క తెలీదు. ఇంతకు ముందు అద్దం ఫోనుతో పోతిని. ఆమె పాట ఎత్తుకొంటే నేను తల దించి అద్దంలో అక్షరాలు వెతికేవాడిని. నాలుగు వరసలు పాడి ఆపేసేది. ‘ఏమప్పయ్యా, నువ్వు ఫోను చూసుకొంటా ఉండావు, నేనెవరికి పాడాల?’ అనేది. నేను రాసుకొనేదానికే చూస్తా ఉండానని చెప్పినా ఆమెకు ఎక్కదు. ఆమె ముందర కూర్చొని ఫోను చూసేవాళ్ళు శానామంది ఇంట్లోనే ఉండారు, వాళ్ళెవరూ ఆమె పాట రాసుకోలేదు కదా.

ఈసారి జారే ఫోనుతో పోయి, బటన్లు మోకాళ్ళ మీద పెట్టుకొని, ఆమె ముఖమే చూస్తా కూర్చొంటిని. వేళ్ళు వాటంతటవి పోతా ఉండె. ఆమె కూడా నన్నే చూస్తా పాడింది. రెండు చరణాలు నిలపకుండా వచ్చినాయి. మూడో చరణంలో చేట వచ్చె. నేను తల దించితిని. గుర్తుల బటన్ పట్టి, ఏ బటన్లో సెమికోలన్ ఉండాదో చూసి, చ కొట్టి, మళ్ళీ పట్టి, కొటేషన్ వెతికి, ట కొట్టి తల ఎత్తేసరికి ఆమె పాడేది నిలిపేసి తమలపాకుకు సున్నం రాస్తా ఉండె. ‘రాసుకొంటివా?’ అన్నది. ‘రాసుకొంటిని చిన్నమ్మా, తరువాత?’ అంటే ‘తరువాతది నోటికి రాలేదు, మొదట్నుండి పాడాల’ అన్నది. మొదట్నుండి పాడింది. మళ్ళీ చేట దగ్గరికే వచ్చి నేను తల దించితిని.

మూడోసారి పాడమని అడిగేదానికి నాకు నోరు రాలేదు.

మరుదినం ల్యాప్‌టాపు ఎత్తుకొని పోతిని. దాని బ్యాటరీ చచ్చిపోయింది మీకు తెలుసు, గోడకు తీగ పెట్టాల్సిందే. తీగ పొడుగు చాలక చిన్నమ్మను స్విచ్ బోర్డు దగ్గరికి జరిపితిమి. ఆ పెద్ద కీబోర్డు మీద నేను తల దించలేదు. చేట వచ్చె, పొయ్యి వచ్చె, కొండ వచ్చె, చిటికెనవేలు చక్కగా పని చేసె. పాట పందొమ్మిది చరణాలు. అందులో ‘గొడుసు’ అని ఒక మాట వచ్చె, నాకు అర్థం తెలీదు, ఆ నిమిషమే అడిగితిని. ఆమె చేత్తో చూపించి చెప్పింది, అదీ పక్కన రాస్తిని. తప్పులు దిద్దేదానికి మాత్రం ఇంటికొచ్చినాక అర్ధగంట పట్టె.

రికార్డు చేసుకోవచ్చు కదా, ఇంత యాతన ఏమిటికి అని కొందరు అడుగుతారు. చేయండి, వద్దనలేదు. మన సంఘం వాట్సాప్‌లో నాలుగేండ్ల నాడు పంపిన రికార్డులు నలభైకి పైన ఉండాయి. వాటిలో ఎన్ని కాగితానికి ఎక్కినాయి? రెండు. పాడిన ఇద్దరు ముసలోళ్ళు ఇప్పుడు లేరు. ఆ పాటల్లో అర్థం కాని మాటలు అర్థం కాకుండానే మిగిలిపోయినాయి. రికార్డు దాచిపెడుతుంది, మన తరఫున అడగదు.

నోటితో చెప్తే అదే రాసుకొంటుంది కదా అనేది ఇంకొకరి మాట. దాన్నీ చూస్తిని. నేను ‘చేన్లో కసువు ఉండాది’ అంటే అది ‘చైనాలో కసరత్తు ఉన్నది’ అని రాసింది. ఉండాదిని ఉన్నదిగా దిద్దింది చూడండి, దానికి మనమీద ఎంత ప్రేమో. హైదరాబాదు టీవీ తెలుగు దానికి బాగా వస్తుంది. మన నోట్లో ఉండే తెలుగు దానికి ఇంకా ఎవరూ వినిపించలేదు. దానికి వినిపించాలన్నా ముందు మనం రాసి పెట్టాల కదా.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి గురించి నేను ఎక్కువ చెప్పను. మీలో శానామంది అట్లే రాస్తారు, నేనూ రాసినాను, తప్పని అనను. ఈ ఫోనులో ఆ పద్ధతికి అన్ని బటన్లూ ఉండాయి, వేగమూ వస్తుంది. ఒక యాభై మాటల జాబు అద్దం మీద పదకొండు నిమిషాలు పట్టితే దీని మీద ఇంగ్లీషు అక్షరాలతో ఎనిమిది పట్టె, ల్యాప్‌టాపులో ఇన్‌స్క్రిప్ట్‌తో నాలుగే పట్టె. వేగం ఒకటే కాదు. ఇంగ్లీషులో కొడితే లకూ ళకూ, నకూ ణకూ ఫోనే ఊహించి వేస్తుంది. తమిళం చదివిన నాకు ల ళ, న ణ తేడా బాగా తెలుసు, బడిలో అయ్య దెబ్బలు కొట్టి నేర్పిన తేడా అది. నాకు తెలిసింది ఫోను ఊహకు వదిలి, నాకు తెలీని ఖ ఘలు కూడా దాని ఊహకే వదిలితే, నేను రాసిందేముండాది? 2006లో వచ్చిన చట్టంతో 2006-07 నుండి ఒకటో తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతిగా తమిళం కట్టాయమయ్యె. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డలు ఇప్పుడు పెండ్లీడు వాళ్ళు, మన వాట్సాప్‌లో ఉండారు. వాళ్ళలో శానామంది తెలుగు నాకు మాదిరే, నోట్లో ఉండాది, చేతిలో లేదు. వాళ్ళ చేతికి అక్షరం ఎక్కాలంటే అక్షరానికి ఒక చోటుండాల. ఊహించి వేసే దానికి చోటుండదు.

ఇంగ ఫోను తక్కిన సంగతులు. పాత ఆండ్రాయిడ్, ఇంగ కొత్త రిపేర్లు రావు. బ్యాంకు యాప్ వేసేదానికి ఒప్పుకోదు. ఇప్పటికి వాట్సాప్ పోతుంది, ఇంకెన్నాళ్ళో చెప్పలేము. లోపల అద్దానికీ కీబోర్డుకూ నడుమ ఒక పలచని తీగపట్టీ ఉంటుంది, తోసి తోసి అది నలిగితే అతికేవాళ్ళు హోసూరులో లేరు. చార్జీ సాయంత్రానికే అయిపోతుంది. ఫోటో బాగా వస్తుంది, అది చెప్పాల. బటన్లు వేలికి ఇంపుగా ఉంటాయి, అదీ చెప్పాల. నాకు తిరిగిచ్చే మనసు రాలేదు, నిజం చెప్తా ఉండా. అయిదు వరసల బటన్లతో వచ్చినవి కూడా ఈ రకంలో కొన్ని ఉండాయి. అట్లాంటిదాంట్లో సెమికోలన్, కొటేషన్, బ్రాకెట్, గీటు, మూల బటన్, సమానం గుర్తు, ఈ ఆరూ వేటి చోట అవి, విడి బటన్లుగా ఉంటే అప్పుడు మళ్ళీ మాట్లాడుదాం. కొనేవాళ్ళు ఎవరైనా సరే, కెమెరా ఎంత, మెమరీ ఎంత అని అడిగే ముందు ఈ ఆరు బటన్లూ లెక్కపెట్టండి.

కాబట్టి ఈ 18,000 రూపాయలకు నా ఓటు లేదు. నేను అడిగేది వేరే. ల్యాప్‌టాపుకు కొత్త బ్యాటరీ వేయించాల. విండోసులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లోపలే ఉండాది, దానికి పైసా అక్కర లేదు. తీగ లేకుండా ఫోనుకు తగులుకొనే పూర్తి కీబోర్డులు హోసూరు అంగట్లో 1,500కు లోపలే దొరుకుతా ఉండాయి. అట్లాంటివి మూడు కొంటే ఒకటి సూళగిరిలో, ఒకటి హోసూరులో, ఒకటి కృష్ణగిరిలో పెట్టుకోవచ్చు, ఎవరి ఫోను వాళ్ళదే. జోబిలో పట్టదు, నిజమే. చిన్నమ్మ ఇంటికి సంచిలో పెట్టుకొని పోయేదానికి ఏం బరువు? బటన్ల మీద అంటించే తెలుగు అక్షరాల స్టిక్కర్లు బెంగుళూరులో దొరికితే తేవాల, కాగితం తునకల పని నాతో అయ్యేది కాదు.

నేర్చుకొనేవాళ్ళకు ఆదివారం మధ్యాన్నం మూడు గంటలకు మా ఇంట్లో నేర్పుతాను. దుడ్డు వద్దు. మొదటి నెల ఒకటే పాఠం, చూడకుండా కొట్టాల. స్కేలు నా దగ్గర లేదు, భయపడకండి. ముందు వచ్చే ముగ్గురిని చిన్నమ్మ దగ్గరికి పిలుచుకొని పోతాను, నలుగు పాటలు ఇంకా అట్లే ఉండాయి.

జారే ఫోను మా ఇంట్లో బీరువా మీద ఉండాది. శనివారంలోగా ఎవరైనా వచ్చి తీసుకొని పోయి అమ్మినాయనకు ఒప్పజెప్పండి. వచ్చేది పగలైతే మేలు, రాత్రి మనవడు దాన్ని తలకింద పెట్టుకొని పండుకొంటాడు.